గంటకో గ్లాసు నీళ్ళు

నీళ్ళు తాగకుండా ఎక్కువసేపు ఎవరుండగలరని పోటీ పెడితే, ఎడారి నుంచి ఒంటెల్ని తోలుకొచ్చి నిలబెట్టినా సరే, మధ్యాహ్నానికల్లా అవి మోకాళ్ళ మీద కూలబడి, టీచరమ్మకు ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోతాయి. ఇందులో కోతలేమన్నా ఉంటే ఒంటెల దగ్గరే ఉన్నాయి గాని టీచరమ్మ దగ్గర లేవు.

టీచరమ్మ అంటే లెక్కల టీచరమ్మ. చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం పోతూ పోతూ రెండు కాళ్ళూ పట్టుకుపోయింది. అప్పటినుంచి చక్రాల కుర్చీయే కాళ్ళు. ఆ కుర్చీ పట్టే మరుగుదొడ్డి చదువుకున్న బళ్ళో లేదు, కాలేజీలో లేదు, ఉద్యోగమిచ్చిన స్కూల్లోనూ లేదు. బస్టాండ్లలో, సినిమా హాళ్ళలో సంగతి సరేసరి. దాంతో ఆవిడ ఎవరూ నేర్పని విద్య ఒకటి సొంతంగా నేర్చేసుకుంది. ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు బంద్. గొంతు మరీ పిడచగట్టుకుపోతే ఒక లవంగం బుగ్గన పెట్టుకోవడం, అంతే. కుర్చీలవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎవరు ఎంతసేపు ఆపుకున్నారన్నదే కబుర్లు. వేటగాళ్ళు పులుల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఆ గోష్ఠిలో టీచరమ్మ మాట్లాడ్డం మొదలుపెడితే మిగతావాళ్ళు తలలు దించుకోవాల్సిందే.

ఆ విద్యకు ఫీజు తర్వాత కట్టించుకున్నారు. కిందటి వానాకాలం ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము వెలుగుకు పట్టి చూసి, "మీ కిడ్నీల్లో ఒకటి రాజీనామా ఇచ్చేసిందమ్మా. రెండోది కూడా కాగితం రాసుకుని కూర్చుంది" అంది. "గంటకో గ్లాసు నీళ్ళు తాగాలి. వచ్చినప్పుడు వెళ్ళాలి. ఆపుకున్నారో, ఈ మిగిలింది కూడా పోతుంది. తర్వాత జీవితమంతా మిషను పక్కనే. నడుం పక్కన పోటు వచ్చినా, ఎర్రగా వచ్చినా, ఉన్నదున్నట్టు వదిలేసి పరిగెత్తుకు రండి."

పరిగెత్తుకు రమ్మన్న మాటకు టీచరమ్మ నవ్వింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

అప్పటినుంచి టీచరమ్మ స్కూలు, ఇల్లు తప్ప మూడో గుమ్మం ఎరగదు. స్కూలు పక్కనే ఇల్లు గనక సరిపోయింది. అలాంటి మనిషికి యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. పెద్ద సదస్సు, పేరే బ్యానరు మీద మూడు వరుసలు పట్టిందట: వైవిధ్యం, అందరినీ కలుపుకుపోవడం, సామాజిక న్యాయం. టీచరమ్మ వచ్చి మాట్లాడాలి.

ఫోను చేసినవాడు అక్కడ కాంట్రాక్టు లెక్చరరు. విద్యార్థులు అతనికి పెట్టిన పేరు సర్దుబాటు. బెంచీలు చాలకపోయినా, జీతం ఆలస్యమైనా, పరీక్షరోజు కరెంటు పోయినా, అతని నోట వచ్చేది ఒకటే మాట, సర్దుకుందాం అని. ఏటా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనివాడికి వేరే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

"సార్, ఒక్కటే అడుగుతాను" అంది టీచరమ్మ. "నా కుర్చీ పట్టే బాత్రూం ఉందా మీ దగ్గర?"

"ఉందా ఏంటి మేడమ్, ప్రత్యేకంగా కట్టించాం! వెడల్పు తలుపు, మెట్టు లేదు, పట్టుకోడానికి స్టీలు కడ్డీలు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన కమిటీవాళ్ళు ఫోటోలు కూడా తీసుకున్నారు."

"నిజంగా ఉందా?"

"సెమినార్ హాలుకు ఎదురుగానే మేడమ్. రోజూ నా కళ్ళతో చూస్తూనే ఉంటాను."

అతను అబద్ధమాడలేదు. రోజూ చూసేవాడే. కాకపోతే బయటినుంచి.

చేసిన లెక్కను ఇంకోసారి సరిచూసుకోండర్రా అని పిల్లల్ని జన్మంతా సతాయించిన మనిషి, ఉందా అని రెండుసార్లు అడిగింది గాని, తెరిచి ఉంటుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఉదయం వదిన సంచీ సర్దుతోంది. వదిన అంటే టీచరమ్మ అన్నగారి భార్య. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. రెండిట్లో ముందు ఏది తెరుచుకుంటుందన్నది ఆ పూట అదృష్టం. కుర్చీ తోసేదీ, ఎత్తి దించేదీ, తిట్టేదీ ఆవిడే. సంచీలో పెద్దవాళ్ళు కట్టుకునే డైపరు ఒకటి పెట్టబోతుంటే టీచరమ్మ తీసి మంచం మీద పడేసింది.

"ఇవాళ వద్దు వదినా. ఉందన్నారుగా."

"అన్నారు. అనడానికేం, నోరుంటే చాలు."

"పెద్ద పెద్దవాళ్ళ ముందు మాట్లాడబోతున్నాను. కింద అది కట్టుకుని, పైన గౌరవం గురించి ఏం మాట్లాడను?"

"సరే తల్లీ, నీ ఇష్టం. తర్వాత నన్ననకు."

వ్యాన్‌లో టీచరమ్మ సీసా మూత తీసి గటగటా తాగింది. ప్రయాణంలో నీళ్ళు తాగడం ఆవిడ జన్మలో అదే మొదలు. కిటికీలోంచి చెట్లు వెనక్కి పరిగెడుతుంటే మూతి తుడుచుకుని, "వదినా, దాహం వేసినప్పుడు తాగితే ఇంత బావుంటుందా?" అంది. వదిన ఏదో ఎకసెక్కెం ఆడబోయి, ఎందుకో మానేసి, చేతిలో సీసా తీసుకుని మూత బిగించింది.

యూనివర్సిటీవాళ్ళ మర్యాదకు వంక పెడితే కళ్ళు పోతాయి. హాలు మెట్ల పక్కన కొత్తగా చెక్క వాలు వేసి పైన ఎర్ర తివాచీ పరిచారు. ముందు వరసలో ఒక సోఫా తీసేసి కుర్చీకి చోటు చేశారు. మెళ్ళో వేసిన కార్డు మీద టీచరమ్మ పేరు ఆవిడ రేషను కార్డులో కన్నా సరిగ్గా పడింది. వ్యాన్ డ్రైవరు "సాయంత్రం వస్తానమ్మా" అని ఇంకో కిరాయికి పోయాడు. మైకు దగ్గర ఒక మేడమ్ తేనె పూసిన గొంతుతో, ముఖ్య అతిథిగారు దారిలో ఉన్నారనీ, రాగానే మొదలుపెడతామనీ చెబుతోంది.

గంటయింది. టీచరమ్మ బుద్ధిమంతురాలిలా ఇంకో గ్లాసు తాగింది. ముఖ్య అతిథిగారు ఇంకా దారిలోనే ఉన్నారు. మరో గ్లాసు తాగింది. దారి ఎంత పొడుగుందో గాని, ఆయన బయల్దేరినప్పుడు పుట్టిన పిల్లలు ఈపాటికి బళ్ళో చేరి ఉంటారు.

"వదినా, వెళ్ళొద్దాం" అంది మెల్లగా.

హాలుకు ఎదురుగా వరండా. వరండా చివర నీలంరంగు బోర్డు, దాని మీద తెల్లగా చక్రాల కుర్చీ బొమ్మ. తలుపు ఇంత వెడల్పున, రంగు మెరుస్తూ, పెళ్ళికొడుకులా ఉంది. ఆ తలుపుకు దబ్బకాయంత తాళం.

వదిన తాళం పట్టుకుని ఒకసారి లాగింది. వరండా అంతటికీ వినపడేలా "ఓ నాయనా! ఎవరు బాబూ ఇక్కడ?" అని కేక వేసింది.

సర్దుబాటు పరిగెత్తుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కోటు భుజాల మీద ఆరేసినట్టున్నాడు. తాళం చూసి అతని మొహంలో రంగు దిగిపోయింది.

"తాళం వేస్తారని నాకు తెలీదు మేడమ్."

"రోజూ చూస్తానన్నారు కదండీ."

"చూస్తాను మేడమ్, నేను... దూరం నుంచి..."

తాళంచెవి స్టోరు కీపరు దగ్గర ఉంది. ఆయన లోకంలో ఏ వస్తువైనా పాడయ్యేది మనుషులు వాడబట్టే. అందుకని వాడకుండా కాపాడ్డమే ఆయన ఉద్యోగం. లైబ్రరీకి కొత్త ఫ్యాన్లు వస్తే అట్టపెట్టెల్లోనే ఉంచి వేసవి దాటించిన ఘనుడు. ఈ గదిని కూడా అలాగే ఇన్‌స్పెక్షన్‌కు, ఇన్‌స్పెక్షన్‌కు మధ్య కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాడు. అంతటి జాగ్రత్తపరుడు ఇంకెవరున్నారని, ముఖ్య అతిథిగారిని తీసుకురమ్మని కారిచ్చి ఆయన్నే పంపారు. తాళాల గుత్తి ఆయన నడుముకే ఉంది. పెద్దవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు ఫోను మోగితే మర్యాద కాదని, ఫోను ఆపేశాడు.

"ఇంకో గుత్తి లేదా?" అంది వదిన.

"ఉంటే పోతుందని ఆయనే ఒద్దన్నారండీ."

"బావుంది! మామూలు బాత్రూం ఎక్కడ?"

మామూలు బాత్రూం భవనం వెనక ఉంది. మెట్లున్నాయి, లోపల మళ్ళీ ఒక గట్టు ఉంది. ఇద్దరు అమ్మాయిలు, వదినా కలిసి కుర్చీ ఎత్తి మెట్లు ఎక్కించారు. గుమ్మం దగ్గర చక్రాలు రెండూ చెరోవైపు తట్టుకుని ఆగిపోయాయి. వదిన టీచరమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది. తడిగచ్చు మీద చెప్పు జారి ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. లోపల ఉన్నది నేలబారు దొడ్డి, గొంతుక్కూర్చునేది. ఆ జ్వరం వచ్చిన నాటినుంచి టీచరమ్మ గొంతుక్కూర్చుని ఎరగదు. వదిన రొప్పుతూ, "పోనీ నేను పట్టుకుంటానే, నా మీద ఆనుకో" అంది గాని, ఆవిడ మోకాళ్ళు అప్పటికే లటపటలాడుతున్నాయి. ఇద్దరూ పడితే లేపే దిక్కులేదు. కదిలినప్పుడల్లా లోపల బరువు అలలా లేచి పడుతోంది. పళ్ళు బిగించి, "పద వదినా, వెనక్కి పద" అంది టీచరమ్మ.

మళ్ళీ ఆ వరండాలో, ఆ తలుపు ముందు.

ఇక ఆవిడ దగ్గర మిగిలింది పాత ఆయుధం ఒకటే. ఎక్కాలు. ఆపుకోవాల్సి వచ్చినప్పుడు పదమూడో ఎక్కంతో మొదలుపెట్టేది. బుర్ర అంకెల వెంట పడితే ఒళ్ళు కాసేపు దాని గొడవ మర్చిపోతుంది. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవైయారు.

"వెళ్ళి తాళం పగలగొట్టండి" అంటోంది వదిన. "రాయి కావాలా? నేను తెస్తా."

"యూనివర్సిటీ ఆస్తి అండీ. రిజిస్ట్రారు గారి అనుమతి కావాలి. ఇప్పుడే అడిగొస్తా" అని సర్దుబాటు పరుగు తీశాడు.

పద్నాలుగు ఆర్లు ఎనభైనాలుగు. ఈలోగా హాల్లో కూర్చుని విసుగెత్తిన జనం వరండాలోకి రావడం మొదలుపెట్టారు. కోటు వేసుకున్న ప్రొఫెసరొకాయన టీచరమ్మ ముందు నడుం వంచి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, "ఎలా... ఉన్నారు... అమ్మా? మీలాంటివాళ్ళ గురించే... నా పేపరు!" అన్నాడు. చేతిలో చల్లటి నీళ్ళ సీసా ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "తాగండి, తాగండి. ఎండగా ఉంది."

"ఆవిడకు చెవులు బాగానే ఉన్నాయండీ" అంది వదిన. "పోయింది మీ తాళంచెవే. అది ఎక్కడుందో మీ పేపర్లో రాశారా?"

ప్రొఫెసరుగారు అర్థంకానివాళ్ళు నవ్వే నవ్వొకటి నవ్వి జరిగిపోయాడు.

ఫోను పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. "మేడమ్, మా యూనివర్సిటీ పేజీకి ఒక ఫోటో. వెనకాల ఆ బోర్డు కూడా పడుతుంది, భలే ఉంటుంది. కొంచెం నవ్వండి మేడమ్!"

టీచరమ్మ నవ్వింది. ఆ ఫోటో ఇప్పటికీ ఆ పేజీలో ఉంటే ఉండొచ్చు. కుర్చీ బొమ్మ బోర్డు, కింద కుర్చీలో మనిషి. మధ్యన తాళం మాత్రం ఆవిడ తల వెనక దాక్కుంది.

పదిహేడు ఏళ్ళు నూటపంతొమ్మిది. పదిహేడు ఎనిమిదులు నూటముప్ఫైయారు.

సర్దుబాటు తిరిగొచ్చాడు. వెళ్ళినప్పటి పరుగు లేదు.

"ఏమన్నారు?"

"ఇన్‌స్పెక్షన్ కమిటీ మళ్ళీ వస్తోందట మేడమ్. తలుపు పాడవకూడదట. ముఖ్య అతిథిగారు పొలిమేర దాటారట, వచ్చేస్తారట, అందాకా మిమ్మల్ని కాస్త..."

అతను ఆ మాట పూర్తి చేయలేదు. జన్మంతా నోట్లో నానిన మాట ఇప్పుడు ముల్లులా గొంతులో అడ్డం పడింది.

"సర్దుకోమన్నారు" అంది వదిన. "ఎలా సర్దుకోవాలో కూడా చెప్పారా నాయనా? కిడ్నీని కాసేపు విప్పి రుమాల్లో మూటగట్టుకోమన్నారా? దీనికున్నది ఒకటే! ఆపుకుంటే అదీ పోతుందని డాక్టరు చెవినిల్లు కట్టుకుని చెప్పింది. మీరు ఉందన్నారని నమ్మి, ఈ పిచ్చిది పొద్దుట్నుంచి గంటకో గ్లాసు తాగింది. తెలుసా?"

అతనికి తెలియదు. ఎవరూ చెప్పలేదు. మొహం తెల్లకాగితమైపోయింది. తాళం వైపు చూశాడు, రిజిస్ట్రారు గది వైపు చూశాడు, మళ్ళీ తాళం వైపు చూశాడు. పూలకుండీ పక్కన పడున్న ఇటుక ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎత్తిన చెయ్యి తాళం దాకా పోలేదు. ఇంట్లో ఎవరెవరు ఆ చెయ్యి పట్టుకుని ఆపారో అతనికే తెలియాలి.

టీచరమ్మ అతన్ని తప్పు పట్టే స్థితిలో కూడా లేదు. నుదుటి మీద చెమట. పంతొమ్మిదో ఎక్కంలోకి వచ్చింది. పంతొమ్మిది ఆర్లు నూటపద్నాలుగు. పంతొమ్మిది ఏళ్ళు...

రాలేదు.

నిద్రలో లేపి అడిగినా చెప్పే ఎక్కం. వందలమంది పిల్లల చేత ఊదరగొట్టించిన ఎక్కం. పంతొమ్మిది ఏళ్ళు ఎంత? అంకె దొరకలేదు గాని, ఆ ఖాళీలోకి కుడివైపు నడుం పక్కన ఒక పోటు దిగింది. ఎవరో సన్నటి ఊచ కాల్చి, మెల్లగా, తొందరేం లేదన్నట్టు లోపలికి తోస్తున్నట్టు.

"వదినా" అంది. "పోటు."

వదిన నోటికి ఆ క్షణం నుంచి తాళం పడింది. ఆ నోరు మూతబడ్డం చూశాక టీచరమ్మకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

అప్పుడొచ్చింది కారు. ముందు సీట్లోంచి స్టోరు కీపరు దూకి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. నడుముకు తాళాల గుత్తి గలగలలాడుతోంది. వదిన కొంగు బిగించి, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు పరిగెత్తి ఆయన చొక్కా పట్టుకుంది.

"తాళం తియ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"ఉండమ్మా, ముందు అతిథిగారిని లోపలికి పంపనీ" అని ఆయన చొక్కా విడిపించుకున్నాడు.

అతిథిగారు తివాచీ మీద నడిచి లోపలికి వెళ్ళారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మైకు మేడమ్ గొంతులో తేనె రెట్టింపయింది. "ఈ ప్రాంగణంలో ఎవరికీ ఏ తలుపూ మూసి ఉండదు" అంటోంది. సర్దుబాటు చేతిలో ఇటుక ఇంకా అలాగే ఉంది.

అంతలో స్టోరు కీపరు వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. వదిన మొర విని కాదు. అతిథిగారికి ఇవ్వాల్సిన జ్ఞాపికల పెట్టె ఆ గదిలోనే ఉంది. వేదిక మీద రిజిస్ట్రారు గారు ఒక్క చూపు చూశారంతే, పొద్దుట్నుంచి ఎవరి ప్రాణానికీ కదలని తాళం క్లిక్కుమని విడిపోయింది.

ఆయన తలుపు సందులోంచి చెయ్యి దూర్చి పెట్టె లాక్కుని, మోకాలితో తలుపు మూయబోయాడు. టీచరమ్మ రెండు చక్రాల మీదా చేతులు వేసి, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి తోసింది. కుర్చీ ముందుచక్రం సందులో పోయి ఇరుక్కుంది.

"మేడమ్! రంగు పోతుంది!" అన్నాడు స్టోరు కీపరు.

"పోనీ" అంది టీచరమ్మ.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపల కుర్చీ కాదు గదా, పిల్లి దూరే చోటు లేదు. వెనకటి సదస్సుల బ్యానర్లు చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. మహిళా సాధికారత మీద పర్యావరణం, దాని మీద వయోవృద్ధుల సంక్షేమం, అన్నిటికీ పైన విరిగిన మైకు కర్ర. అట్టపెట్టెలు కప్పును తాకుతున్నాయి. వదిన ఒక్కొక్కటీ బయటికి విసిరేస్తుంటే, సర్దుబాటు ఇటుక పారేసి, కోటు విప్పేసి, చేతికందింది అందినట్టు లాగేశాడు. అమ్మాయిలు కూడా వచ్చి చెయ్యి వేశారు. అడుగున కమోడు కనబడింది. కంపెనీవాళ్ళు కట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. స్టీలు కడ్డీలకు కాగితాలు అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

స్టోరు కీపరు పెట్టె గుండెకు హత్తుకుని, అడుగు ముందుకూ వెనక్కూ వేస్తున్నాడు. "అమ్మా, దానికి... అది..."

"ఏంటయ్యా నీ నసుగుడు?"

వదిన వంగి వెనక చూసింది. కమోడు గోడకు ఆనించి ఉంది. అంతే. నీళ్ళు వచ్చే గొట్టం లేదు. పోయే గొట్టమూ లేదు. కింద చెయ్యి పెడితే దుమ్ము తగిలింది.

"పైపేదీ?"

"ఇన్‌స్పెక్షన్‌వాళ్ళు వెనక్కి చూడరమ్మా" అన్నాడు ఆయన, ఎంతో మామూలుగా. చూసి ఉంటే పెట్టించి ఉండేవాళ్ళమే అన్నట్టు.

హాల్లోంచి మైకు వినపడుతోంది. "ఇప్పుడు మన ప్రత్యేక వక్త, అవరోధాలను చిరునవ్వుతో జయించిన..."

టీచరమ్మ కమోడు వైపు చూసింది. నడుం పక్కన ఊచ ఇంకాస్త లోపలికి దిగింది.

"వదినా, తలుపు వెయ్యి."

"పైపు లేదే అమ్మాయ్!"

"ఉందన్నారు, వచ్చాను. పైపు నేను తెచ్చుకోవాలా? తలుపు వెయ్యి."

వదిన తలుపు వేసింది. ప్లాస్టిక్ కవరు గోళ్ళకు తెగకపోతే పళ్ళతో చింపింది. చంకల కింద చేతులు వేసి ఎత్తింది. టీచరమ్మ ఒక చేత్తో స్టీలు కడ్డీ పట్టుకుంది. అది మాత్రం గట్టిగానే బిగించారు, ఆ మాట చెప్పుకోవాలి.

పొద్దుట్నుంచి తాగిన గ్లాసులన్నీ ఒకటొకటిగా వదిలిపోతుంటే టీచరమ్మ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. పంతొమ్మిది ఏళ్ళు నూటముప్ఫైమూడు. ఇప్పుడొచ్చింది. కన్నీళ్ళూ ఇప్పుడే వచ్చాయి, ఏది దేనికో తెలియకుండా. కాళ్ళ కింద నేల మీద తడి, దారి వెతుక్కుంటూ తలుపు వైపు పోతోంది.

తలుపు కింద సందు ఉంది. ఆ సందులోంచి అవతల నిలబడ్డ చెప్పులు, బూట్లు కనబడుతున్నాయి. తడి అంచు దాటగానే అమ్మాయిల చెప్పులు గబగబా వెనక్కి జరిగాయి. స్టోరు కీపరు బూట్లు గెంతు గెంతి మాయమయ్యాయి. మడమలు అరిగిన ఒక జత మాత్రం ఉన్నచోటే ఉంది. తడి వచ్చి తగిలినా అది కదల్లేదు.

"వదినా, అయిపోయింది. లేపు."

వదిన కిందికి చూస్తోంది. టీచరమ్మ కూడా చూసింది. తెల్ల పలకల మీద పాయలు పాయలుగా సాగుతున్న తడి, నీళ్ళ రంగులో లేదు. కుంకుళ్ళ రసంలా కూడా లేదు. ఎర్రగా ఉంది.

ఎర్రగా వచ్చినా పరిగెత్తుకు రండి.

తలుపు అవతల ఆ అరిగిన బూట్ల మనిషి కూడా అది చూసినట్టుంది. అప్పటిదాకా ఎవరితోనూ పై స్థాయిలో మాట్లాడి ఎరగని గొంతు వరండా అదిరేలా అరిచింది. "కారు! అతిథిగారి కారు తిప్పు! ఎవరినడిగేదీ లేదు, నేను చెబుతున్నా, తిప్పు!"

హాల్లో ఆవిడ పేరు రెండోసారి పిలిచారు. మూడోసారీ పిలిచారు. తర్వాత, అనివార్య కారణాలవల్ల వారు రాలేకపోతున్నారని చెప్పి, ఆవిడ జ్ఞాపికను ఆవిడ తరఫున రిజిస్ట్రారు గారు అందుకున్నారు. కారు గేటు దాటుతుంటే చప్పట్లు వినబడ్డాయి.

వెనక సీట్లో టీచరమ్మ తల వదిన ఒళ్ళో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. వదిన సీసా మూత తీసి పెదాల దగ్గర పెట్టింది.

"ఒక్క గుక్క తాగమ్మా. డాక్టరు తాగమంది కదే."

టీచరమ్మ పెదాలు బిగించింది. గొంతు ఎండి నాలుక అంగిట్లో అంటుకుపోతోంది. అయినా ఆ చెయ్యి లేచి సీసాను పక్కకు నెట్టింది.

"ఆస్పత్రిలో ఉందేమో కనుక్కో" అంది. మాట గాలిలా వచ్చింది.

"ఆస్పత్రిలో లేకుండా ఎలా ఉంటుందే పిచ్చిదానా!"

"కనుక్కో."

ముందు సీట్లో సర్దుబాటు అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. బూట్లు తడిగానే ఉన్నాయి. "హలో, అత్యవసరం, పేషెంటును తెస్తున్నాం. చక్రాల కుర్చీ. బాత్రూం..." అని అవతల మాట విని, ఒక్కసారిగా గొంతు చించుకున్నాడు. "ఉంది అనకండి! ఉంది అని మాత్రం నాకు చెప్పకండి! లేచి వెళ్ళండి. తలుపు తియ్యండి. పైపు ఉందో లేదో, నీళ్ళు వస్తాయో లేదో చూసి, అప్పుడు చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఎవరివో చెప్పులు దూరంగా పోతున్న చప్పుడు.

కారు పోతోంది. వదిన మూత తీసిన సీసా పట్టుకుని, ఒలికిపోకుండా రెండో అరచెయ్యి అడ్డం పెట్టింది. టీచరమ్మ ఆ సీసా వంకే చూస్తోంది. ముందు సీట్లో ఫోను చెవికి నొక్కుకుని కూర్చున్న మనిషి ఊపిరి కూడా తీసుకోవడం లేదు. అవతల ఆ చెప్పులు ఇంకా తిరిగి రాలేదు.